పలక మీద పట్టని ప్రదక్షిణలు

గుళ్ళో ప్రదక్షిణలు చేస్తూ లెక్క తప్పని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నా అనుమానం. పదకొండు మొక్కుకుంటాం. మధ్యలో ఎవరో పలకరిస్తారు. ఇది ఆరోదా, ఏడోదా అని గుంజాటన మొదలవుతుంది. అందుకే కొందరు గుప్పెట్లో వక్కలు పెట్టుకుంటారు, కొందరు వేళ్ళ కణుపులు లెక్కపెడతారు. మార్కాపురం చెన్నకేశవస్వామి గుళ్ళోనైనా, మరో గుళ్ళోనైనా ఇది మామూలే. అయితే ఒక్క సంగతి గమనించండి. ఒక ప్రదక్షిణ చేసినా, పదకొండు చేసినా చివరికి మనం నిలబడేది ఆ ధ్వజస్తంభం ముందే. ఆ క్షణాన ఫొటో తీస్తే రెండింటికీ తేడా కనబడదు. మొక్కు తీరిందా లేదా అన్నది మాత్రం ఫొటోలో పడని ఆ అంకెలోనే ఉంది.

ఈ చిన్న తేడా మీద గణితశాస్త్రంలో నూరేళ్ళకు పైగా పని జరిగిందంటే నమ్ముతారా? ఆ పని పేరు కాస్త భయపెట్టేదే. మాత్రికలతో ఏర్పడే లీ గ్రూపులు, వాటి కవరింగ్ గ్రూపులు, ఆ కవరింగ్ గ్రూపుల్లో సంయుగ్మ తరగతుల వర్గీకరణ. పేజీ తిప్పేయకండి! నేనూ బి.ఏ. చదివినదాన్నే. చరిత్ర మీద ఇష్టంతో దీని వెంట పడితే, లోపల ఉన్నవన్నీ మన ఇంట్లో సామాన్లే అని తేలింది. పలక, తిరగలి, గిలక, హారతి పళ్ళెం.

ముందు పలకతో మొదలుపెడదాం. మార్కాపురం పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది పలకే. నల్లమల అంచున ఆ ప్రాంతంలో దొరికే రాయి పొరలు పొరలుగా చీలుతుంది. పలచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టూ కర్ర చట్రం బిగిస్తే పలక తయారు. ఒకప్పుడు ఎన్ని లక్షల మంది పిల్లలు ఆ పలకల మీదే ఓనమాలు దిద్దారో! నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక రాతి పలకకి గిరాకీ తగ్గింది. ఆ రాయి ఇప్పుడు నేలకీ గోడలకీ పరిచే బిళ్ళలై విదేశాలకి వెళుతోంది. పలకకి ఒక గుణం ఉంది. ఇప్పుడు రాసిందాన్ని చూపిస్తుంది. తుడిచేసిందాన్ని చూపించదు. దొండాకుతో రుద్దేసిన తర్వాత, అంతకు ముందు పదిసార్లు దిద్దామో, వందసార్లు దిద్దామో దానికి గుర్తుండదు.

ఆ పలక మీద నాలుగంకెలు వెయ్యండి. పై వరసలో రెండు, కింది వరసలో రెండు. దాన్నే మాత్రిక అంటారు. అది ఒక ఆజ్ఞ లాంటిది. కాగితం మీద ఉన్న బొమ్మని ఇలా తిప్పు, అలా సాగదియ్యి అని చెబుతుంది. బొమ్మ వైశాల్యం మారకుండా చేసే పనుల్నే తీసుకుంటే అవి మూడు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి, తిరగలిలా తిప్పడం. రెండోది, పిండిముద్దని ఒకవైపు సాగదీస్తే రెండోవైపు సన్నబడ్డట్టు చెయ్యడం. మూడోది, పలకల దొంతరని పక్కకి నెడితే అడుగు పలక కదలకుండా పైవన్నీ వాలుగా జరిగినట్టు జరపడం.

ఏ మాత్రిక ఏ రకమో ఎలా తెలుస్తుంది? పై వరసలో మొదటి అంకె, కింది వరసలో రెండో అంకె, ఈ రెండూ కలపండి. ఆ మొత్తం, ధన ఋణ చిహ్నాల సంగతి అలా ఉంచితే, రెండు కన్నా తక్కువైతే తిప్పడం. రెండు కన్నా ఎక్కువైతే సాగదీయడం. సరిగ్గా రెండైతే జరపడం, లేదా ఏమీ చెయ్యకపోవడం. ఉదాహరణకి పైన 2, 3, కింద 1, 2 వేస్తే మొత్తం నాలుగు, అంటే సాగదీసే రకం. పైన 1, 1, కింద 0, 1 వేస్తే మొత్తం రెండు, పలకల దొంతర జరిగే రకం.

ఇక సంయుగ్మ తరగతి అంటే ఏమిటో చూద్దాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. ఊళ్ళు అంగుళం కదల్లేదు. గుండ్లకమ్మ దారి మార్చుకోలేదు. మారింది చిరునామా. కర్నూలు నుంచి చూస్తే తూర్పున ఉన్న ఊరు, ఒంగోలు నుంచి చూస్తే పడమట ఉంది. అలాగే ఒకే మనిషి ఒకరికి అత్తయ్య, ఒకరికి పిన్ని, ఒకరికి వదిన. చూసే చోటుని బట్టి మారేవి కొన్ని, ఎవరు చూసినా మారనివి కొన్ని.

గణితంలోనూ అంతే. వంటింట్లో తిరగలి ఉంది, బావి మీద గిలక ఉంది. తిరగలి పడుకుని తిరుగుతుంది, గిలక నిలబడి తిరుగుతుంది. తిరగలిని నిలబెట్టి, గిలకలా పావు చుట్టు తిప్పి, మళ్ళీ పడుకోబెట్టామనుకోండి. చేసింది పావు చుట్టే కదా! ఇలా చోటు మార్చుకుని, పని చేసి, మళ్ళీ మొదటి చోటుకి రావడం వల్ల ఒకదానితో ఒకటి సరిపోయే పనులన్నీ ఒకే కుటుంబం. అదే సంయుగ్మ తరగతి. గిలకని ఇవతల నుంచి చూసిన పిన్నికి కుడివైపు తిరిగినట్టుంటే, అవతల నుంచి చూసిన అత్తయ్యకి ఎడమవైపు తిరిగినట్టుంటుంది. కాబట్టి అన్ని వైపుల నుంచీ చూడగలిగినప్పుడు కుడీ ఎడమా తేడా కూడా పోతుంది. ఎన్ని డిగ్రీలు తిరిగింది అన్నదొక్కటే మిగులుతుంది. 0 నుంచి 180 దాకా ఒక్కో డిగ్రీకి ఒక్కో కుటుంబం.

మాత్రికలన్నింటినీ ఇలా కుటుంబాలుగా విడదీసే పద్ధతిని ఫ్రాన్సులో కామీ జోర్డాన్ 1870లో తన పెద్ద గ్రంథంలో రాశాడు. సరిగ్గా ఆ ఏడే నార్వే నుంచి సోఫస్ లీ అనే కుర్రవాడు పారిస్ వచ్చి ఆయన దగ్గర ఈ సమూహాల సంగతులు నేర్చుకున్నాడు. ఇంతలో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. లీ ఇటలీకి నడిచి పోదామని బయలుదేరితే ఫాంటెన్‌బ్లో దగ్గర పట్టుకున్నారు. సంచిలో ఉన్న గణితం కాగితాలు చూసి రహస్య లిపి అనుకుని, జర్మన్ గూఢచారి అని జైల్లో పెట్టారు. గణితవేత్త దార్బూ కలగజేసుకుంటే గానీ విడుదల కాలేదు. ఇప్పుడు లీ గ్రూపులు అంటున్నది ఆయన పేరు మీదే.

ఇక కవరింగ్. కవరింగ్ అనగానే మనకి చిలకలపూడి నగలే మనసులో మెదులుతాయి. పైన బంగారు పూత, లోపల మరో లోహం. గణితంలో కవరింగ్ గ్రూపు ఆ బాపతు కాదు. అసలు కన్నా ఎక్కువ నిజం దాచుకున్నది అదే. అది ఎలాగో హారతి పళ్ళెంతో చేసి చూడచ్చు.

కుడి అరచేతిలో పళ్ళెం పెట్టుకోండి. అది ఒరగకుండా, లోపలివైపుకి తిప్పుతూ చంక కింద నుంచి ఒక పూర్తి చుట్టు తిప్పండి. పళ్ళెం మొదట ఉన్నట్టే ఉంది. చెయ్యి మాత్రం మెలిపడి, మోచెయ్యి పైకి లేచి ఉంటుంది. ఆపకుండా అదే దిశలో, ఈసారి తల మీదుగా ఇంకో చుట్టు తిప్పండి. చెయ్యి తిన్నగా అయిపోతుంది! ఒక చుట్టుకి పళ్ళెం తిరిగొచ్చింది గానీ చెయ్యి తిరిగి రాలేదు. రెండు చుట్లకి రెండూ వచ్చాయి. పళ్ళెం కింది అంతస్తు, చెయ్యి పై అంతస్తు. కింద ఉన్న ప్రతి స్థితికీ పైన రెండు స్థితులున్నాయి. ఆ పై అంతస్తే కవరింగ్ గ్రూపు.

దీన్ని అంకెల్లో పట్టుకున్నవాడు ఐర్లండు గణితవేత్త హామిల్టన్. 1843 అక్టోబరు 16న భార్యతో కలిసి డబ్లిన్‌లో కాలవ గట్టున నడుస్తున్నాడు. చాలాకాలంగా తెగని లెక్క ఒకటి వంతెన దగ్గర తటాలున తెగింది. జేబులోంచి చాకు తీసి ఆ సూత్రాన్ని వంతెన రాతి మీద చెక్కేశాడు. ఆయన కనిపెట్టిన ఆ కొత్త సంఖ్యలతో ఏ తిప్పుడునైనా రాయచ్చు. కాని ప్రతి తిప్పుడుకీ రెండు సంఖ్యలు వస్తాయి, ఒకటి ధనం, ఒకటి ఋణం. పళ్ళెం ఒకటే, చెయ్యి రెండు రకాలన్నమాట. రాతి మీద ఆయన చెక్కిన గీతలు కాలక్రమాన చెరిగిపోయాయి. ఇప్పుడక్కడ ఉన్నది తర్వాత పెట్టిన స్మారక ఫలకం.

పై అంతస్తుకి ఎక్కితే కుటుంబాల లెక్క మారుతుంది. 90 డిగ్రీలు తిప్పినా, ఒక చుట్టు అదనంగా వేసి 450 తిప్పినా కింద తేడా లేదు. పైన అవి వేరు వేరు. ఏ వైపు నుంచి చూసినా ఒకటి కావు. ఎదుటివైపు నుంచి చూస్తే 90 కాస్తా వెనక్కి తిరిగిన 90 అవుతుంది. పైన పూర్తి ఆవృత్తి 720 కాబట్టి అది 630 అవుతుంది, 450 కాదు. అందుకని కింద ఒక్కటిగా ఉన్న కుటుంబం పైన రెండుగా వేరుపడుతుంది. ఒక్క 180కి మాత్రం ఈ వేరుపాటు లేదు. ఎదుటి నుంచి చూస్తే 720లో 180 పోగా 540, అంటే 180కి ఒక చుట్టు కలిపినట్టే. ఇద్దరూ ఒక్కటే! అందరూ వేరుకాపురాలు పెట్టినా ఈ ఒక్క ఇల్లు ఉమ్మడిగా మిగిలింది. ఇలాంటివి ఎక్కడ వేరుపడతాయి, ఎక్కడ కలిసుంటాయి అని ప్రతి సమూహానికీ తేల్చడమే వర్గీకరణ.

ఇది ఊసుపోక లెక్క కాదు. 1913లో ఫ్రాన్సులో ఎలీ కార్టాన్ ఈ పై అంతస్తుల్ని తిప్పుళ్ళ గణితంలో క్రమంగా వివరించాడు. 1927లో పౌలీ ఎలక్ట్రాన్ ప్రవర్తనని చెప్పడానికి ఇదే రకం మాత్రికలు వాడాడు. 1975లో ఐరోపాలోనూ అమెరికాలోనూ రెండు బృందాలు న్యూట్రాన్లని అయస్కాంత క్షేత్రంలో తిప్పి చూశాయి. ఒక చుట్టు తిరిగిన న్యూట్రాన్ మొదటిలా లేదు, దాని తరంగం ధన ఋణాలు తారుమారయ్యాయి. రెండో చుట్టుతో గానీ మొదటికి రాలేదు. మనం తాకే ప్రతి వస్తువులోనూ ఉన్న కణాలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్క పెట్టుకుంటున్నాయన్నమాట.

పళ్ళేనికి రెండే అంతస్తులు. మనం పలక మీద వేసిన నాలుగంకెల మాత్రికల సమూహానికి అంతస్తులు అనంతం. ప్రదక్షిణల లాగే ఎన్ని చుట్లయినా వేస్తూ పోవచ్చు, ఏ చుట్టూ మరో చుట్టుతో కలవదు. ఇక్కడ తిరిగే రకానికి కుటుంబం చెప్పాలంటే మొత్తం తిరిగిన కోణం చెప్పాలి. 90 వేరు, 450 వేరు, 810 వేరు. కాగితం మీది పనిని వెనక నుంచి చూడలేం కాబట్టి కుడీ ఎడమా కూడా వేరే. సాగదీసే రకానికీ, జరిపే రకానికీ ఆ పనితో పాటు ఎన్ని అర్ధచుట్లు తిరిగిందో ఆ అంకె కూడా చెప్పాలి. అంటే రకం, కోణమో మొత్తమో, చుట్ల లెక్క. ఇవన్నీ ఉంటేనే చిరునామా పూర్తవుతుంది.

అన్నింటికన్నా నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకొకటుంది. ఈ పై అంతస్తు సమూహాన్ని మాత్రికలుగా రాయడం కుదరదని గణితవేత్తలు రుజువు చేశారు. నాలుగంకెలు చాలకపోతే నాలుగు వందలు వేద్దాం, పెద్ద పలక తెద్దాం అన్నా లాభం లేదు. మార్కాపురం కొండలన్నీ చీల్చి ఒక్క పలక చేసినా, దాని మీద రాసిన మాత్రికల్లో ఏవో కొన్ని చుట్లు కలిసిపోక తప్పదు. పలక ఎంత పెద్దదైనా ఎక్కడున్నామో చెబుతుంది గాని, ఎన్నిసార్లు తిరిగి వచ్చామో పూర్తిగా చెప్పలేదు. ఆ లెక్క విడిగా మనం గుర్తుపెట్టుకోవలసిందే.

అలా గుర్తుపెట్టుకునే పద్ధతుల్లో ఒకదానికి మన దేశంతో చుట్టరికం ఉంది. 1930 నుంచి 1932 దాకా ఆలీగఢ్‌లో పాఠాలు చెప్పిన ఆంద్రే వెయ్ అనే ఫ్రెంచి గణితవేత్త, 1964లో ఇలాంటి రెండంతస్తుల సమూహం ఒకదాని మీద పెద్ద వ్యాసం రాశాడు. అక్కడ వచ్చే చిక్కు చిన్నపిల్లల కూడికలో వచ్చేదే. ఏడూ ఆరూ కలిపితే మూడు వేసి చేతిలో ఒకటి ఉంచుకోమంటాం కదా? రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసినప్పుడు పలక మీద జవాబు వస్తుంది, చేతిలో ఎంత ఉంచుకోవాలి? దానికి స్పష్టమైన సూత్రాలు రాసినవారు ఆర్. రంగారావుగారు. అవి 1993లో అచ్చయ్యాయి. ప్రపంచంలో ఈ సమూహంతో పని పడ్డవాళ్ళు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ సూత్రాన్ని పిలుస్తారు. అంతకు ముందు 1972లో ఆయనే, హద్దు లేకుండా విస్తరించిన సంయుగ్మ కుటుంబాల మీద కూడిక వేస్తే అది తెగుతుందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పారు.

రంగారావుగారి గురువు మన తెలుగువారు, సి. ఆర్. రావుగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్ళి, సంఖ్యాశాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి పొంది, నూట రెండేళ్ళు జీవించి 2023లో కన్నుమూశారు. కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో ఆయన శిష్యులు వరదరాజన్, రంగారావు, పార్థసారథి, వరదన్. ఆ నలుగురిలో మొదటి ముగ్గురూ కలిసి 1967లో లీ గ్రూపుల మీద రాసిన వ్యాసం పేరుపొందింది. ఇక మన అనంతపురంలో 1941లో పుట్టిన ఎం. ఎస్. రఘునాథన్‌గారు, గోపాల్ ప్రసాద్‌గారితో కలిసి 1984లో అచ్చు వేసిన వ్యాసాలు, కొన్ని సమూహాల మీద ఏయే అంతస్తులు కట్టవచ్చో తేల్చే వ్యాసాలే. ఆడవాళ్ళెవరూ లేరా అంటారేమో! మద్రాసులో 1935లో పుట్టిన భామా శ్రీనివాసన్‌గారు, వెయ్ వ్యాసంలోని సమూహాలకి దగ్గరి చుట్టాలైన ఒక రకం సమూహాల కుటుంబాలనీ లక్షణాలనీ లెక్కగట్టి 1968లో ప్రకటించారు. 1981 నుంచి 1983 దాకా అమెరికాలోని మహిళా గణితవేత్తల సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నారు.

ఇదంతా చదివాక నాకు అనిపించింది చెబుతాను. ఇంటిపని గురించి మనకో నిస్పృహ ఉంది. పొద్దున్నే తోమిన గిన్నెలు రాత్రికి మళ్ళీ సింకులో ఉంటాయి. ఊడ్చిన వాకిలి తెల్లారేసరికి మళ్ళీ ఊడవాలి. ఎన్నేళ్ళు చేసినా ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. “రోజంతా ఇంట్లో ఏం చేశావు?” అని అడిగేవాళ్ళు పలక చూసి అడుగుతున్నారు. పలక మీద నిజంగానే ఏమీ లేదు, పొద్దున ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంది. కానీ తిరిగి మొదటికి రావడమూ, అసలు కదలకపోవడమూ ఒకటి కాదని గణితమే ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, ఆ తేడాని లెక్కలోకి తీసుకోకపోతే న్యూట్రాన్ సంగతి కూడా అర్థం కాదని చూపించింది. పలక తయారు చేసిన చేతుల సంగతీ అంతే. ఒక్కో పలక నునుపు తేలడానికి ఎన్నిసార్లు రుద్దారో ఆ పలక చెప్పదు. రాసుకున్న పిల్లవాడికీ తెలియదు.

సి. ఆర్. రావుగారు 1989లో వచ్చిన తన పుస్తకం ఒకటి తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితం చేశారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనని లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదని అందులో రాసుకున్నారు. అదే దీపం, అదే నాలుగు గంటలు, అదే పిల్లవాడు. ఏ రోజుకా రోజు చూస్తే నిన్నటికీ నేటికీ తేడా ఏముంది? ఆవిడ ఎన్ని తెల్లవారుజాములు లేచిందో ఎక్కడా రాసిపెట్టి ఉండదు. ప్రపంచమంతా లెక్కల్లో దిట్ట అని పొగిడిన ఆ కొడుకు మాత్రం, దాన్ని చేతిలో ఉంచుకున్న అంకెలా చివరిదాకా మరిచిపోలేదు.